పెళ్ళికి ఈడొచ్చిన పిల్లను, బిడ్డను పెంచడానికి చిన్నపిల్లనా?

ప్రశ్న: పల్నాటి పిల్ల

అందరికీ నమస్కారం. ఇంకో రెండు నెలల్లో నాకు 21 ఏళ్ళు నిండుతాయి. మా పాపకు 17 నెలలు. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లెటూరు. మా వారి ఉద్యోగరీత్యా ఏడాదిగా హైదరాబాదులో నిజాంపేట వైపు ఒక అపార్టుమెంటులో అద్దెకు ఉంటున్నాము. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతుండగా తాతయ్య మంచాన పడ్డారు. ఆయన కళ్ళముందే ఒక శుభకార్యం జరగాలని, ఈ ముహూర్తాలు దాటితే మూఢం వచ్చేస్తుందని పెద్దలు తొందరపడడంతో 18 ఏళ్ళ నాలుగు నెలల వయసులో నా పెళ్ళి జరిగింది. నేను వద్దనలేదు. మా వారు మంచివారు, అత్తయ్య కూడా చెడ్డ మనిషి కాదు; ఎవరో నా మెడలు వంచి తాళి కట్టించారని చెప్పుకోవడానికి నేను ఇది రాయడం లేదు.

నా బాధ వేరు. పెళ్ళి మాటలు జరుగుతున్నప్పుడు "ఈడొచ్చిన పిల్ల, సంసారం చక్కదిద్దుకోగలదు" అని మెచ్చుకున్న నోళ్ళే, పదకొండో రోజు పురిటి స్నానం అయింది మొదలు "దానికేం తెలుసు, అదే ఇంకా చిన్నపిల్ల" అంటున్నాయి. పాపకు నలుగు పెట్టినా, ఉగ్గు కలిపినా, చివరికి దిష్టి చుక్క ఏ బుగ్గన పెట్టినా పక్కన ఒకరు నిలబడి సరిదిద్దవలసిందే.

పోయిన నెల పాపకు జ్వరం వస్తే అత్తయ్య, నేను కలిసి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాము. పాప బరువెంత అని ఆయన అత్తయ్యను అడిగారు; పది కిలోలని నేను చెప్పాను. మందు ఎంత పోయాలో మళ్ళీ అత్తయ్యకే చెప్పారు. నేనొక సందేహం అడగబోతే "పెద్దావిడకు చెప్పానులే అమ్మా" అన్నారు. చీటీలో రాసింది 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉండే సిరప్, పూటకు 6 మిల్లీలీటర్లు. మందుల షాపులో ఇచ్చింది అదే పేరుతో ఉన్న 250 మిల్లీగ్రాముల సీసా. అత్తయ్య కొలత మూతలో 6 గీత దాకా పోసి పాప నోటి దగ్గరికి తీసుకెళ్తుండగా నేను లేబుల్ చదివి ఆపాను. షాపుకు ఫోన్ చేస్తే "అవునమ్మా, ఈ సీసా అయితే 3 చాలు" అన్నారు. ఆ సాయంత్రం అత్తయ్య ఊళ్ళోకి ఫోన్ చేసి, "షాపువాడు వేరే మందు ఇచ్చాడు, చూసుకున్నాం కాబట్టి సరిపోయింది, ఇదొక్కతే ఉంటే ఏమయ్యేదో" అని చెప్పడం వంటింట్లోంచి విన్నాను.

ఇంటి సంగతి అలా ఉంటే, బయట ఇంకో రకం. ఒక రోజు ఉదయం పదకొండింటికి పాపను ఎత్తుకుని కింద పార్కులో కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ చాలా ఆదరంగానే "ఏ ఫ్లాట్‌లో చేస్తున్నావమ్మా, నెలకెంత ఇస్తున్నారు?" అని అడిగారు. నేను "304 అండి" అన్నాను. ఆవిడ నన్ను ఆయా అనుకున్నారని, నేను ఆ ప్రశ్నలో మొదటి సగానికి బుద్ధిగా జవాబు చెప్పి వచ్చేశానని, లిఫ్టులో ఎక్కాక గాని నాకు తట్టలేదు. విషయం తెలిసిన మిగతావారు "లవ్ మ్యారేజా? ఇంట్లోంచి వచ్చేశారా?" అని అడుగుతారు, లేదా చదువు లేని పిల్లను చూసినట్టు జాలిగా చూస్తారు.

అందుకని ఆరు నెలలుగా నా వయసు 24 అని చెబుతున్నాను. అయితే 24 అంటే డిగ్రీ అయిపోయి ఉండాలి కదా, ఏ కాలేజీ అని అడుగుతారు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ముడి వేయవలసి వస్తోంది. ఇలా చెప్పడం తప్పా? అత్తయ్యను చిన్నబుచ్చకుండా డాక్టరు నాతో మాట్లాడేలా చేయడం ఎలా? ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది, చంటిపిల్లతో అది కుదిరే పనేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: ఉపకేంద్రం అక్క

చెల్లీ, నేను ఖమ్మం జిల్లాలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో 14 ఏళ్ళుగా నర్సుగా, అంటే ఏఎన్‌ఎమ్‌గా పని చేస్తున్నాను. ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే నీలాంటి అమ్మాయిల వయసు రెండు సార్లు అడిగేది, ఆధార్ తీసి పుట్టిన తేదీ చూసేది మేమే. అందులో కొంత మా విధి. 18 నిండని గర్భిణి మా దగ్గరికి వస్తే, పెళ్ళయిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా పోలీసులకు తెలియజేయాలని పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. తెలియజేయకపోతే అది మా మీద నేరమవుతుంది. భార్య అయినా 18 నిండకపోతే ఆ కలయిక అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి సన్నగా, పొట్టిగా ఉన్న గర్భిణి కనబడితే మా కళ్ళు ముందు కార్డులో వయసు గడి మీదికే పోతాయి.

రెండో కారణం వైద్యానికి సంబంధించినది. ఎముకలు, రక్తం ఇంకా కూడుకునే వయసులో కాన్పు అయితే రక్తహీనత, బీపీ పెరిగి గుర్రపు వాతం (ఫిట్స్) రావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువ. అందుకే అటువంటివారిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని, ప్రతి నెలా 9వ తేదీన జరిగే డాక్టరు పరీక్షకు తప్పనిసరిగా రమ్మంటాము. ఇదంతా కాన్పు దాకా అవసరమైన జాగ్రత్త. బిడ్డ పుట్టి 17 నెలలయ్యాక కూడా తల్లి ముఖం చూసి "నీకేం తెలుసు" అనడంలో ఏ జాగ్రత్తా లేదు, అది మా నోటి అలవాటు మాత్రమే. మేము దిద్దుకోవలసినది అదే.

నువ్వేదో ఊళ్ళో లేని వింతవు అనుకోకు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో అయి ఉన్నారు. అంటే ఎనిమిది మందిలో ఒకరు. తెలంగాణలో ఇది 5.8, దేశం మొత్తం మీద 6.8. నువ్వు 19 దాటాక తల్లివయ్యావు, చట్టం అడిగిన వయసు నిండాకే పెళ్ళి చేసుకున్నావు. మీ ఊళ్ళోనో నా మండలంలోనో ఇంతమంది ఉన్నప్పుడు అందరూ కలిసి ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి అడగడమే విడ్డూరం.

డాక్టరు సంగతికి వస్తే, చిన్న ఉపాయం చెబుతాను. తల్లీబిడ్డల కార్డు నీ చేతిలో ఉంచుకో, మీ అత్తగారి సంచిలో వద్దు. మా దగ్గరైనా, ఏ డాక్టరు దగ్గరైనా కార్డు ఎవరి చేతిలో ఉంటే మాట వారి వైపు తిరుగుతుంది, ఇది నేను రోజూ చూసేదే. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత ఉంది, చివరి మోతాదు ఎన్నింటికి పోశావు అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళి, అడగకముందే చదివి వినిపించు. మందు సీసా తీసుకున్నాక చీటీలో మిల్లీగ్రాములు, సీసా మీద మిల్లీగ్రాములు ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకోవడం నువ్వు ఇప్పటికే నేర్చుకున్నావు. మా ఉపకేంద్రానికి వచ్చే 30 ఏళ్ళ తల్లుల్లో కూడా ఆ పని చేసేవారు తక్కువ. మిల్లీలీటరు వేరు, మిల్లీగ్రాము వేరు అని చెప్పి చెప్పి నా గొంతు పోతోంది.

జవాబు: రాజమండ్రి టీచరు

అమ్మా, నీ ఉత్తరం చదువుతుంటే నా పాత కళ్ళజోడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నాకు 19 ఏళ్ళప్పుడు, 2001లో, మా అమ్మాయి పుట్టింది. దాన్ని ఎల్‌కేజీలో చేర్చాక మొదటి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తే క్లాసు టీచరు నన్ను చూసి "అమ్మను తీసుకురమ్మంటే అక్కను పంపించారేంటి?" అని పిల్లను అడిగింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడే మెయిన్ రోడ్డులో ఒక షాపుకు వెళ్ళి పవరు లేని అద్దాలతో నల్ల ఫ్రేము కళ్ళజోడు చేయించుకున్నాను. దానికి తోడు పెద్దంచు వెంకటగిరి చీర, రూపాయి బిళ్ళంత బొట్టు. నాలుగేళ్ళు ఆ వేషం కట్టాను. ఎండలో ముక్కు మీద చెమట పట్టి అది జారిపోతుంటే తోసుకుంటూ తిరిగేదాన్ని, కళ్ళు బాగానే కనబడుతున్నా!

నీ 24 కూడా అటువంటి కళ్ళజోడే అనుకుంటున్నాను. తప్పు అని నేను అనను, కానీ బరువు. నేను దాన్ని ఎప్పుడు తీసేశానో చెబుతాను. టీచరు ఉద్యోగాలకు పెట్టే 2008 డీఎస్సీ పరీక్షకు చదువుతున్న రోజుల్లో రాత్రి పదింటికి పిల్లను పడుకోబెట్టి పుస్తకం తీస్తే, ఆ అద్దాల మీద ట్యూబులైటు వెలుగు పడి అక్షరాలు మెరిసేవి. చిరాకేసి తీసి బల్ల సొరుగులో పడేశాను. ఉద్యోగం వచ్చాక నన్ను ఎవరూ అక్కవా అమ్మవా అని అడగలేదు, చేతిలో హాజరుపట్టీ ఉంటే వయసు దానంతట అదే పెరుగుతుంది.

ఇంకో సంగతి. మా అమ్మకు 1974లో 16వ ఏట పెళ్ళయింది. అప్పటి చట్టం ఆడపిల్లకు 15 ఏళ్ళు నిండితే చాలనేది. 18 చేసింది 1978లో. 17 ఏళ్ళకు మా అన్నయ్యను ఎత్తుకున్న మా అమ్మను ఎవరూ వింతగా చూడలేదు, ఎందుకంటే వీధిలో అందరూ ఆ వయసు బాలింతలే. అలాగని అవి మంచి రోజులు అనడం నా ఉద్దేశం కాదు. మా పిన్ని రెండో కాన్పులో పోయింది, అప్పటికి ఆమెకు 20 కూడా లేవు. ఇక ఇప్పుడు 24 ఏళ్ళ మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటే, నన్ను అక్కవా అని వెక్కిరించిన ఆ తరమే "ఇంకా సంబంధాలు చూడడం లేదా, వయసు మీరిపోతోంది" అంటోంది. లోకులు కాకులని ఊరికే అనలేదు. కాకి ఒక గోడ మీద వాలి అరిచినదే రెండో గోడ మీద వాలీ అరుస్తుంది.

మీ అత్తగారి విషయంలో ఒక్క మాట. ఆమె ఫోనులో అలా చెప్పడం నీ మీద కోపంతో కాకపోవచ్చు. చేతిలో మూత పట్టుకున్నది తనే కదా, ఆ భయం ఇంకా దిగి ఉండదు. పిల్లల్ని పెంచిన చేయి తప్పబోయిందని ఒప్పుకోవడం ఆ వయసులో చాలా కష్టం.

జవాబు: మియాపూర్ నుంచి

ఈ ప్రశ్నకు జవాబు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పార్కులో మిమ్మల్ని అడిగిన ఆవిడను నేను కాను గాని, మూడేళ్ళ క్రితం మా కాంప్లెక్సులో మరో అమ్మాయిని అచ్చంగా అదే ప్రశ్న అడిగిన మనిషిని. నూనె రాసి బిగించి అల్లిన జడ, నైటీ మీద చున్నీ, చంకలో తెల్లగా బొద్దుగా ఉన్న బాబు. ఇంతే చూశాను. ఆ బాబు ఆమె బిడ్డ కావచ్చునన్న ఆలోచనే నాకు రాలేదు, ఎందుకంటే మా కాంప్లెక్సులో 20 ఏళ్ళ అమ్మాయి పగటిపూట బిడ్డను ఎత్తుకుని కనబడితే జీతానికి ఎత్తుకుందనే మా లెక్క. ఆమె "మా వాడే అండి" అని నవ్వేసి వెళ్ళిపోయింది. నేను క్షమాపణ కూడా చెప్పలేదు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు రెండు సార్లు ఐవీఎఫ్ విఫలమైంది. ఆమె బాబు అని తెలిసిన మరుక్షణం నాలో కలిగింది సిగ్గు కాదు, ఈర్ష్య. "ఈ వయసుకేం తొందరొచ్చింది" అని ఇంటికి వెళ్ళి మా వారితో అన్నాను. నా 33వ ఏట మా బాబు పుట్టాక, "ఈ వయసులో అంటే మీకు ఓపిక ఉంటుందా" అని పురిటి గదిలోనే ఒక బంధువు అడిగినప్పుడు గాని నా మాట నాకు వినబడలేదు.

అయితే మీతో ఒక విషయంలో విభేదిస్తాను, ఏమీ అనుకోకండి. ఆయా అనుకున్నారన్నది మీకు అంత అవమానంగా ఎందుకు తోచింది? మా బాబును చూసుకునే అమ్మాయికి 22 ఏళ్ళు. తన బిడ్డను సిద్దిపేట దగ్గర ఊళ్ళో తల్లి దగ్గర వదిలి వచ్చి మా బిడ్డను ఎత్తుకుంటుంది. ఆమె కూడా చిన్న వయసు తల్లే. అయినా ఆమెను ఎవరూ "చిన్నపిల్లవు, నీకేం తెలుసు" అనరు, పైగా మేమే ఆమెను అన్నీ అడుగుతాము. ఇంట్లో తల్లిగా పనికిరాదన్న వయసు, జీతానికి వచ్చేసరికి ఎలా పనికొస్తోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జవాబు: బాచుపల్లి నాన్న

నాకు 23, మా ఆవిడకు 20 ఉన్నప్పుడు మాకు కవలలు పుట్టారు. ఆఫీసులో మిఠాయి పంచితే "కుర్రాడు భలే బాధ్యత తెలిసినవాడు, త్వరగా స్థిరపడ్డాడు" అని మేనేజరు నా భుజం తట్టాడు. అదే వారం మా ఆవిడను చూడడానికి వచ్చిన వాళ్ళందరూ "పాపం, దాని చదువు" అన్నారు. పిల్లలు ఇద్దరివీ కదా. నా వయసు ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. డాక్టరు దగ్గరికి మీ వారు కూడా వచ్చి, "పాప సంగతులు ఆమెకే బాగా తెలుసు సార్, ఆమెను అడగండి" అని ఒక్కసారి అంటే చాలు, మరుసటి సారి నుంచి అలవాటైపోతుంది. నేను చెప్పేది స్వానుభవం. అది మీరు అంటే పొగరు అనుకుంటారు, మీ వారంటే మర్యాదగా వింటారు. అన్యాయమే, కానీ పని జరుగుతుంది.

జవాబు: అధ్యయన కేంద్రం

మీ మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను. సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రంలో కొన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. హైదరాబాదులో ఉన్నారు కాబట్టి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మీకు దగ్గర. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైనప్పుడు దేశంలో అటువంటిది అదే మొదటిది. 1991లో ఇప్పటి పేరు వచ్చింది. ఇంటర్ పాసైనవారికి ప్రవేశ పరీక్ష అవసరం లేదు. రోజూ హాజరు ఉండదు, పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని చదువుకోవచ్చు. బీఎస్సీ తీసుకుంటే ప్రయోగశాల తరగతులకు హాజరు కావలసిందే కనుక, పాపను చూసుకునేవారు లేకపోతే బీఏ గాని బీకామ్ గాని మొదలుపెట్టడం సులువు. తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో కూడా ఉంది, రెండింటి రుసుములు, కేంద్రాల దూరం పోల్చి చూసుకోండి.

రెగ్యులర్ కాలేజీకే వెళ్ళాలనుకున్నా దారి పూర్తిగా మూసుకుపోలేదు. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోవాలని 2021 డిసెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. అమలు ఎక్కడికక్కడే ఉంటుంది కాబట్టి చేరే ముందు ప్రిన్సిపాలును అడిగి తెలుసుకోవాలి.

మా కేంద్రంలో ఆదివారం తరగతులకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది పెళ్ళైనవారే. కిందటేడు ఒక అమ్మాయి పరీక్ష రాస్తుంటే బయట వేపచెట్టు కింద వాళ్ళాయన ఉయ్యాల సంచిలో బిడ్డను ఊపుతూ మూడు గంటలు నిలబడ్డాడు. మధ్యలో బిడ్డ ఏడిస్తే కిటికీలోంచి హాలంతా వినబడింది, ఆ అమ్మాయి పెన్ను ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. ఫారంలో మీ అసలు వయసే రాయండి; పదో తరగతి మెమోలో ఉన్న తేదీతో సరిపోకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

మళ్ళీ: పల్నాటి పిల్ల

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మియాపూర్ అక్కా, మీ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. మా అమ్మ కూడా మిర్చి కోతలకు కూలికి వెళ్ళిన మనిషే. ఆయా అన్నందుకు కాదు, పాప నాది కాదనుకున్నందుకు బాధపడ్డానని మొదట రాసి, చదువుకుని కొట్టేశాను. రెండూ ఉన్నాయి. టీచరుగారూ, అత్తయ్య గురించి మీరన్న మాట నాకు తోచనే లేదు. నిన్న నేను అడగకుండానే ఆమె సీసా నా చేతికిచ్చి "చూడు, ఎంత పోయాలో" అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు.

ఈ బుధవారం పాపకు డీపీటీ బూస్టరు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు టీకాలు వేయించడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఉపకేంద్రం అక్క చెప్పినట్టు కార్డు నా చేతిలోనే పెట్టుకున్నాను. రిజిస్టరు దగ్గర కూర్చున్నావిడ పేరు, ఫోను నంబరు, తల్లి వయసు వరుసగా అడిగారు. 24 నాలుక చివరిదాకా వచ్చింది. 20 అని చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు. 20 అని రాసుకుని, "ఎడమ తొడ గట్టిగా పట్టుకోమ్మా, కదలనివ్వకు" అన్నారు.